మైకులో మోగిన ఇంటిపేరు

2002 ఏప్రిల్ 21, ఆదివారం. నిడదవోలు

కుదరదన్నాడు నాన్న. అడిగి రెండు నిమిషాలు కూడా కాలేదు. చర్చి నుంచి వచ్చి చొక్కా విప్పి కొయ్యకి తగిలిస్తూ, నా వైపు తిరక్కుండానే అన్నాడు. "ఆ అబ్బాయీ దొండపాటే, నువ్వూ దొండపాటే. అన్నాచెల్లెళ్ళకి పెళ్ళేంటి? నలుగురూ మొహాన ఉమ్మేస్తారు."

మావాళ్ళు ఎప్పుడో తాతల కాలంలో బాప్తిస్మం పుచ్చుకుని గోత్రాలు, జాతకాలు, ముహూర్తాలు అన్నీ వదిలేశారు. ఇంటిపేరు మాత్రం వదల్లేదు. ఒకే ఇంటిపేరైతే ఒకే రక్తం, అన్నాచెల్లెళ్ళ వరస, పెళ్ళి కూడదు. ఇది బైబిల్లో ఎక్కడుందని అడిగితే "అన్నిటికీ బైబిలేనా" అంటారు. అంటే వీళ్ళకి కావలసినప్పుడు బైబిలు, లేనప్పుడు నలుగురూ.

డేనియల్ వాళ్ళు ఇప్పుడు ఉండేది తాడేపల్లిగూడెం. మా రెండిళ్ళవాళ్ళూ ఏ పెళ్ళిలోనూ ఏ చావులోనూ కలిసిన పాపాన పోలేదు. మరి రక్తం ఎక్కడ కలిసిందో ఎవరూ చెప్పరు. సరే, నేనే కనుక్కుంటాను. ఈ దొండపాటి వేరు, ఆ దొండపాటి వేరు అని రుజువు చేస్తాను. పదో తరగతి వాళ్ళకి రోజూ సిద్ధాంతాలు రుజువు చేసి చూపించేదాన్ని, నా సొంత లెక్క నేను చేసుకోలేనా.

ఇదంతా డేనియల్ కోసం కాదు. ఆ పేరు నాది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకునే హక్కు నాకుంది. అంతే.

ఏప్రిల్ 24

బడికి సెలవులిచ్చారు. ఇంట్లో కూర్చుంటే పాతవన్నీ తవ్వుకోవడమే పని.

రాజమండ్రిలో ఉన్నప్పుడు నాన్న చదివిన మిషన్ స్కూల్లోనే నన్నూ వేశారు. అమ్మ పట్టుబట్టి వేసింది. నాన్న ఎందుకు వద్దన్నాడో అప్పుడు ఎవరూ అడగలేదు. ఆ క్లాసులోనే డేనియల్. మాస్టారు ప్రోగ్రెస్ కార్డులు పంచుతూ తండ్రుల పేర్లు కూడా పైకి చదివేవారు. దొండపాటి డేనియల్, తండ్రి దొండపాటి చంద్రరావు. దొండపాటి హెలెన్, తండ్రి దొండపాటి చంద్రరావు. క్లాసంతా గొల్లుమనేది. వాళ్ళ నాన్న దర్జీ, మా నాన్న రైల్వే బుకింగ్ క్లర్కు. మనుషులు వేరు, పేరు అచ్చంగా ఒకటే.

"మీ నాన్నకి రెండు కాపురాలంట కదా" అన్నాడొకసారి బుజ్జిబాబు. జామెట్రీ బాక్సు పెట్టి నెత్తిమీద ఒక్కటిచ్చాను. వాడికి బొప్పి కట్టింది, నన్ను బెంచీ ఎక్కించారు. డేనియల్ మాత్రం ఏమీ పట్టనట్టు కిటికీలోంచి గ్రౌండు చూస్తూ కూర్చున్నాడు. అప్పట్నుంచే అంత.

ఎనిమిదో తరగతి స్పోర్ట్స్ డే. పరుగుపందెంలో నాకు రెండో బహుమతి వచ్చింది, స్టీలు టిఫిన్ బాక్సు. బహుమతులు ఫుట్‌బాల్ మ్యాచ్ అయ్యాక ఇస్తామన్నారు. నాన్న గీత దగ్గర నిలబడి ఆట చూస్తున్నాడు. మెడలో టేపు వేసుకున్న పొట్టిమనిషి ఒకాయన వచ్చి నాన్న భుజం మీద చెయ్యేశాడు. ఏదో అన్నాడు. నాన్న ఆ చెయ్యి తీసేసి, గబగబా వచ్చి నా రెక్క పట్టుకుని గేటు బయటికి లాక్కుపోయాడు. సోమవారం నాకు టీసీ తీసేశారు. ఎందుకని అడిగితే "చదువు బాగోలేదు" అన్నాడు. నేను క్లాసులో రెండో ర్యాంకు.

బాక్సు అక్కడే ఉండిపోయింది. ఆ కోపం నాకింకా పోలేదు.

పోయిన ఏడాది మా స్కూలు గ్రౌండులో ఫుట్‌బాల్ టోర్నమెంటుకి పక్క ఊరి డ్రిల్లు మాస్టారొకాయన పిల్లల్ని తీసుకొచ్చాడు. చెట్టు కింద కూర్చుని టిఫిన్ బాక్సు విప్పి నన్ను పిలిచి, "ఇది నీదే. ఆ రోజు నీ పేరు పిలిస్తే నేనెళ్ళి తీసుకున్నాను. పదో తరగతి దాకా ఇందులోనే తిన్నాను" అన్నాడు. డేనియల్! నవ్వొచ్చింది. అలా మొదలైంది.

ఏప్రిల్ 30

డేనియల్‌తో ఫోన్. ఏం చేద్దామంటే "చూద్దాం" అన్నాడు. ఆ మాట వాడకూడదని గవర్నమెంటు జీవో ఇవ్వాలి.

మే 9

కడియం వెళ్ళాను. చిన్నమ్మాయి అత్తయ్య నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. నాన్న పుట్టింటి సంగతులు తెలిసిన మనిషి ఈ భూమ్మీద ఆవిడొక్కతే. తాతయ్య సమాధి చూసొచ్చాను ఎప్పుడో, శిలువ మీద "చిట్టియ్య" అని ఉంటుంది, ఇంటిపేరు ఉండదు.

అత్తయ్య నర్సరీలో నీడ కింద కూర్చుని కవర్లలోకి మట్టి ఎత్తుతోంది. నేనూ కూర్చుని మట్టి ఎత్తుతూ అడిగాను. "అత్తయ్యా, మన దొండపాటివాళ్ళది అసలు ఏ ఊరు?"

"ఎండగా ఉంది, మజ్జిగ తాగుతావా?"

"తాగుతాను. ఏ ఊరు?"

"మీ నాన్నకి సుగరు తగ్గిందా? నాకంటే ఆరేళ్ళు పెద్ద, జాగ్రత్తగా ఉండమని చెప్పు."

పోయిన క్రిస్మస్‌కే తనకి అరవై నిండాయని చెప్పింది. నాన్న అరవై నిండి రిటైరై రెండేళ్ళయింది. ఆరేళ్ళు ఎలా పెద్దవుతాడు? ఆ మాటే అన్నాను. అత్తయ్య చేతిలో కవరు చిరిగింది. "నాకేం తెలుసే లెక్కలు. ఆ పేరు అన్నయ్య స్కూల్లోంచి తెచ్చుకున్నాడు, అన్నయ్యనే అడుగు" అనేసి నాలిక్కరుచుకుంది. తర్వాత ఎంత అడిగినా గులాబీ అంట్ల గురించే మాట్లాడింది. వచ్చేటప్పుడు ఒక మొక్క చేతిలో పెట్టింది.

స్కూల్లోంచి తెచ్చుకోవడమేంటి? బస్సులో తట్టింది. హాస్టల్లో చేరిన పిల్లలకి ఇంటిపేరు లేకపోతే ఏ దొరగారో ఏదో ఒకటి పెట్టేసి ఉంటారు. ఇద్దరు చంద్రరావులకీ ఒకటే పెట్టి ఉంటారు. అంటే రక్తం లేదు, వరసా లేదు. అయిపోయింది. ఇంత తేలికా అనుకున్నాను. నిడదవోలులో దిగేదాకా నేనూ మొక్కా ఇద్దరం సంతోషంగానే ఉన్నాం.

మే 10

తేలిక కాదు.

అన్నం తింటుంటే చెప్పాను నాన్నకి. ఇంటిపేరు స్కూల్లో పెట్టిందట కదా, ఇంక అడ్డేముంది అని. నాన్న కంచంలోనే చెయ్యి కడిగేశాడు. అన్నం సగం ఉంది. "ఇంకోసారి కడియం వెళ్ళావంటే ఊరుకోను" అని, చొక్కా వేసుకుని మూలనున్న ఎస్టీడీ బూత్‌కి వెళ్ళాడు. అత్తయ్యని తిట్టడానికే. వాళ్ళ పక్కింటికి ఫోన్ చేసి పిలిపించి మరీ తిట్టాడట.

ఇన్నాళ్ళూ ఇంటిపేరొకటే కాబట్టి వద్దన్నాడు. ఆ పేరు అసలు రక్తానిదే కాదని తేలితే సంతోషించాలి కదా. ఇంకా ఎక్కువ వద్దంటున్నాడు. ఏ లెక్కలోనూ ఇమడని మనిషి.

మే 19, ఆదివారం

అమ్మ వంటింట్లో వంకాయలు తరుగుతూ, తలెత్తకుండా అడిగింది.

"ఆ అబ్బాయి మొహం మీ నాన్నలా ఉంటదా హెలెనూ?"

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడ నిలబడలేకపోయాను.

మే 20

ఉండదు. ఏ మాత్రం ఉండదు. చెవులు కూడా వేరు. పొద్దున్న అమ్మకి చెప్పాను. "సరేలే" అంది. బుజ్జిబాబు అన్న మాట మా ఇంటిదాకా వచ్చిందన్నమాట, ఆ రోజుల్లోనే. అమ్మ ఇన్నేళ్ళూ దాన్ని మింగి కూర్చుంది. నాన్నని ఎప్పుడూ అడగలేదట. అడిగితే ఏం చెప్తాడోనని భయమట.

నాకు అందరి మీదా కోపంగా ఉంది.

మే 31

ప్రపంచకప్ మొదలైంది. పోయిన కప్పు గెలిచిన ఫ్రాన్స్‌ని మొదటి రోజే సెనెగల్ ఓడించేసింది. నాన్న టీవీకి దగ్గరగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, కుడికాలు తనంతట తనే కదులుతోంది.

నాన్న రైల్వే టీములో ఆడినవాడు. ఫుట్‌బాల్ వల్లే ఉద్యోగం వచ్చింది. అలాంటి మనిషి ఒక్క మ్యాచ్ కబురైనా చెప్పాలి కదా మాకు. చిన్నప్పుడు అడిగితే "ఏదో ఆడేం లే" అనేవాడు. పక్కింటి గణేష్‌బాబు గారు ఒకసారి క్యారమ్స్‌లో గెలిచిందే ఇప్పటికీ చెప్తుంటాడు.

జూన్ 4

తాడేపల్లిగూడెం వెళ్ళాను, డేనియల్ వాళ్ళ నాన్నగారి దగ్గరికి. డేనియల్ వద్దన్నాడు. "చూద్దాం" అన్నాను నేను.

గుమ్మంలో నిలబడ్డాక ఆయన్ని ఏమని పిలవాలో తెలియలేదు. మేం అన్నాచెల్లెళ్ళమైతే ఆయన నాకు బాబాయ్. కాకపోతే మావయ్య. ఏమీ అనకుండా దణ్ణం పెట్టాను. స్పోర్ట్స్ డే నాడు చూసిన ఆ పొట్టిమనిషే. మెడలో టేపు కూడా అలాగే ఉంది. మిషను మీద పిల్లల జెర్సీలకి నంబర్లు కుడుతున్నాడు.

"కూర్చో అమ్మా. పొడుగోడి కూతురివి కదూ."

"మా నాన్నగారు మీకు తెలుసాండి?"

"నాకు తెలుసు. నేనే ఆయనకి తెలీదు" అని మిషను ఆపాడు.

ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుంటున్నాను, మర్చిపోతానని కాదు, నాకింకా నమ్మకం కుదరక.

స్కూలు టీములో ఇద్దరు చంద్రరావులు. పొడుగు చంద్రరావు, పొట్టి చంద్రరావు. పొడుగాయన మా నాన్న, ఇంటిపేరు పులిదిండి. పరీక్ష తప్పి స్కూలు మానేసి కడియంలో మట్టి పనికి వెళ్ళేవాడు. పొట్టాయన ఈయన, దొండపాటి, చదువుతున్నాడు. జిల్లా ఫైనల్స్ ముందు ఈయనకి టైఫాయిడ్ వచ్చి హాస్టల్లో మంచం పట్టాడు. డ్రిల్లు మాస్టారు సైకిలేసుకుని కడియం వెళ్ళి నాన్నని వెనకాల ఎక్కించుకొచ్చాడు. నాన్న స్కూలువాడు కాదు, వయసు కూడా దాటిపోయింది. అందుకని ఈయన పేరుతో దింపారు. ఎలాగూ ఇద్దరూ చంద్రరావులే, తోటి పిల్లలు పిలిచినా తేడా రాదు. "మైకులో దొండపాటి అని వినబడితే ఎవరా అని చూడకు, పరిగెత్తు" అన్నాడట మాస్టారు.

"మా హాస్టలుకీ గ్రౌండుకీ మధ్య ఒక్క గోడేనమ్మా. జొరంలో పడుకుని వింటున్నాను. దొండపాటి చంద్రరావు గోల్ అంటున్నాడు మైకులో. మళ్ళీ గోల్ అంటున్నాడు. జనం చప్పట్లు. నేనేమో దుప్పట్లో ఉన్నాను."

ఆట చూడ్డానికి వచ్చిన రైల్వే ఆఫీసరు ఆ దొండపాటి చంద్రరావు మాకు కావాలన్నాడు. నిజం చెప్తే కప్పు పోతుంది, స్కూలు పరువు పోతుంది. నాన్న ఇంట్లో ఆ పూట వంట లేదు. మాస్టారు ఈయన తండ్రిని పిలిపించి మాట్లాడాడు. ఆయన సరేనన్నాడు.

"నన్నెవరూ అడగలేదు" అన్నాడు డేనియల్ వాళ్ళ నాన్నగారు. "జొరం తగ్గి లేచి, నా ఎస్సెస్సెల్సీ పుస్తకం ఇమ్మంటే, రైల్వేకి పంపేశాం, ఉద్యోగంలో చేరింది నువ్వే కదా, మళ్ళీ పుస్తకం ఎందుకు అన్నారు. మా నాన్న మిషను కొనిచ్చాడు. ఇదే ఆ మిషను."

"ఇన్నేళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదండి?"

"చెప్తే ఆడి కూడు పోద్ది. ఆ మాత్రం నాకు తెలుసు. ఆ కోపం కూడా పోయిందమ్మా. కానీ ఆ స్పోర్ట్స్ డే నాడు, ఏరా పొడుగోడా అని భుజం మీద చెయ్యేసేను. నువ్వెవరో నాకు తెలీదు అన్నాడు."

కాసేపు జెర్సీ మీద దారాలు పీకుతూ కూర్చున్నాడు. తర్వాత గట్టిగానే అన్నాడు. "పేరిచ్చేను. ఇప్పుడు పిల్లాణ్ణి కూడా ఇమ్మంటే ఎలాగ?"

డేనియల్ గుమ్మానికి చేరబడి నేల చూస్తున్నాడు. ఆయన కొడుకు వైపు చూసి మెత్తబడ్డాడు. "ఇస్తాను. ఆడు నన్ను తెలుసనాలి. నా పేరు మైకులో నలుగురి ముందూ తీసుకున్నాడు, నలుగురి ముందే వెనక్కివ్వాలి. గుమ్మం చాటున చెప్తే నాకక్కర్లేదు."

జూన్ 5

పులిదిండి హెలెన్. రాసి చూశాను. ఎవరో తెలియని అమ్మాయిలా ఉంది.

జూన్ 8

నాన్నతో చెప్పాను. టీవీ సౌండు పెంచాడు. నేను ప్లగ్గు పీకేశాను.

"ఎవడు చెప్పేడు? దర్జీయా?"

"ఆయనకి పేరుంది నాన్నా. అది నీ దగ్గరుంది."

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. కుర్చీలో వెనక్కి వాలి మెల్లగా మాట్లాడాడు. ఎవడో ఒకడు ఒక్క కార్డు ముక్క రాసి పడేస్తే పెన్షన్ ఆగిపోతుందట. తను పోయాక అమ్మకి రావలసింది కూడా రాదట. "ఆ పేరు మీదే నీకు పాలడబ్బా కొన్నాను. ఆ పేరు మీదే నీకు బీఈడీ చెప్పించేను. ఇప్పుడొచ్చి అది దొంగపేరంటావా?"

"నేననలేదు. నువ్వే అంటున్నావు."

"పెళ్ళి కావాలంటే వేరే ఎవణ్ణైనా చేసుకో. లోకంలో ఇంటిపేర్లకి కరువా?"

ఆయన భయం నాకు తెలుసు. అయినా రాస్తున్నాను, నాకు జాలి లేదు. ఒక్క వాక్యం చెప్తే నేను బాగుపడతాను. అమ్మ బాగుపడుతుంది. ఆ వాక్యం నోట్లో పెట్టుకుని కూర్చుని బ్రెజిల్ ఎన్ని గోల్స్ కొట్టిందో చూస్తున్నాడు.

అమ్మకి నేను చెప్పొచ్చు. చెప్పను. అది ఆయన చెప్పాల్సిన మాట.

జూన్ 12

ఉదయభాస్కర్ అయ్యగారి దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. కుర్రపాస్టరు, మంచివాడు, మంచివాళ్ళందరిలాగే కాస్త భయస్తుడు. మీరు మేజర్లు కాబట్టి పెళ్ళి ప్రకటన చదువుతానన్నాడు. మూడు ఆదివారాలు చదవాలి. సంఘంలో ఎవరైనా అభ్యంతరం చెప్తే, మూడో ఆదివారం లోపల దానికి జవాబు రావాలి. రాకపోతే పెళ్ళి ఆగినట్టే. నాన్న ఇంటిపేరు సంగతి ఆయనకి చెప్పలేదు. డేనియల్ వద్దన్నాడు. ఈసారి నేనూ వద్దనుకున్నాను.

జూన్ 16, ఆదివారం

"తాడేపల్లిగూడెం సంఘమునకు చెందిన దొండపాటి చంద్రరావు గారి కుమారుడు డేనియల్‌కును, ఈ సంఘమునకు చెందిన దొండపాటి చంద్రరావు గారి కుమార్తె హెలెన్‌కును వివాహము నిశ్చయింపబడినది. ఎవరికైనను అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను. ఇది మొదటి ప్రకటన."

ఆడవాళ్ళ బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. సంఘ పెద్ద జ్ఞానప్రకాశం గారు కండువా సర్దుకుని లేచాడు. "ఇంటిపేరొకటే. తండ్రి పేరు కూడా ఒకటే. సంఘం ఏమనుకోవాలి అయ్యగారూ?" అని, అమ్మ కూర్చున్న వైపు ఒక చూపు చూసి కూర్చున్నాడు. అమ్మ తల మీద కొంగు సర్దుకుంది.

నాన్న పాటల పుస్తకంలోంచి తలెత్తలేదు. పుస్తకం తిరగేసి పట్టుకున్నాడు.



జూన్ 17

"నువ్వు నోరిప్పకపోతే వాళ్ళు డేనియల్ నీ కొడుకే అనుకుంటారు, నాన్నా" అన్నాను. "అనుకోనీ" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు పెరట్లో గులాబీ మొక్కకి నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. మొక్క తేలిపోయింది.

జూన్ 22

సెనెగల్ ఓడిపోయింది. నాన్న అన్నం తినలేదు. నేనూ తినలేదు, నా కారణాలు నావి.

జూన్ 23, ఆదివారం

నాన్న చర్చికి రాలేదు. మ్యాచ్ ఉందన్నాడు. ఇవాళ మ్యాచ్ లేదు. పేపర్లో చూశాను.

రెండో ప్రకటన. జ్ఞానప్రకాశం గారు మళ్ళీ లేచాడు. అమ్మ ఈసారి రాత్రి నిద్ర లేదంటూ మధ్యలోనే ఇంటికి వెళ్ళిపోయింది. బయట డేనియల్ నా చెప్పులు తీసి నా ముందు పెట్టాడు. "ఆయన చెప్పకపోతే?" అని అడిగాను. చూద్దాం అంటాడనుకున్నాను.

"చెప్పకపోతే నువ్వు మీ నాన్న మీద కోపం పెట్టుకోకు" అన్నాడు.

ఇంతకన్నా చూద్దామే నయం.

జూన్ 29

మధ్యాహ్నం అమ్మా నాన్నా ముందుగదిలో ఉన్నారు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. అమ్మ గొంతు వినిపించింది. ఇన్నేళ్ళూ అడగనిది అడిగేసింది, సూటిగా, వణక్కుండా. "ఆ పిల్లాడు మీకేమౌతాడండి?"

తర్వాత నాన్న సణుగుడు. ఎంతసేపు సణిగాడో. నేను తడి తువ్వాలు భుజాన వేసుకుని అలాగే నిలబడిపోయాను.

ఉన్నట్టుండి అమ్మ నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. "ఇంతేనా? ఇంటిపేరేనా మీరు ఎత్తుకొచ్చింది? నేనింకేదో అనుకుని ఇన్నేళ్ళూ చచ్చేను కదండీ."

నాన్న ఏమన్నాడో వినబడలేదు. అమ్మ మాత్రం పైకే అంది, బహుశా నేను వినాలనే. "పెన్షన్ పోతే పోనీండి. నాకు ఇడ్లీ పిండి రుబ్బడం వచ్చు."

జూన్ 30, ఆదివారం

వరసగా రాస్తాను.

డేనియల్, వాళ్ళ నాన్నగారు ముందే వచ్చి మగవాళ్ళ వైపు మూడో బెంచీలో కూర్చున్నారు. నాన్న మాతో బయల్దేరలేదు. రెండో పాట అయిపోయాక వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, గడ్డం గీసుకుంటూ కోసుకున్న గాటు. వెనక బెంచీలో చివర కూర్చున్నాడు.

మూడో ప్రకటన. జ్ఞానప్రకాశం గారు లేవబోయాడు. ఈలోగా వెనక నుంచి నాన్న గొంతు. బుకింగ్ కౌంటర్లో రైలు పేరు చెప్పే గొంతు అది.

"అయ్యగారూ, ప్రకటనలో ఒక పేరు తప్పుగా ఉంది."

అయ్యగారు కాగితం చూసుకున్నాడు.

"పిల్ల తండ్రి పేరు పులిదిండి చంద్రరావు. అది నేను. ఫుట్‌బాల్ కోసం స్కూలువాళ్ళు నన్ను వేరే వాళ్ళ ఇంటిపేరుతో దింపేరు. ఆ పేరుతోనే ఉద్యోగం చేసేను. దొండపాటి చంద్రరావు అంటే ఆయన." వేలు చూపించాడు. "ఆయన నాకు బాగా తెలుసు. మేమిద్దరం ఒక టీములో వాళ్ళం. ఆయనకి జొరం రాకపోతే ఆ గోల్స్ ఆయనే కొట్టేవాడు."

నాన్న అలాగే నిలబడి ఉన్నాడు. ఎటు వెళ్ళాలో తెలియని మనిషిలా ఉన్నాడు. నేను లేవబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

మూడో బెంచీలో డేనియల్ వాళ్ళ నాన్నగారు పక్కకి జరిగి చోటిచ్చాడు. బెంచీ మీద అరచేత్తో తట్టాడు. నాన్న నడవ మధ్యలోంచి నడిచెళ్ళి అక్కడ కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నాన్న భుజం మీద చెయ్యి పడింది. ఈసారి నాన్న తియ్యలేదు.

అయ్యగారు ప్రకటన మళ్ళీ మొదట్నుంచి చదివాడు, సరైన పేర్లతో. అభ్యంతరం ఉందా అని అడిగాడు. జ్ఞానప్రకాశం గారు కండువా సర్దుకున్నాడు కానీ లేవలేదు. బయటికొచ్చాక మాత్రం నాన్నతో, "రైల్వేవాళ్ళకి తెలుసా చంద్రరావుగారూ ఈ సంగతి?" అన్నాడు. "తెలీదండి. మీరు రాయండి, అడ్రసు నేనిస్తాను" అన్నాడు నాన్న. ఆ తర్వాత మెట్ల మీద కూర్చుని మంచినీళ్ళడిగాడు.

డేనియల్ వాళ్ళ నాన్నగారికి కూడా గ్లాసు నేనే ఇచ్చాను. "తీసుకోండి మావయ్యగారూ" అన్నాను. ఆయన నీళ్ళు తాగడం మానేసి గ్లాసు పట్టుకునే ఉన్నాడు.

సాయంత్రం ఫైనల్ మా ఇంట్లోనే చూశారు ఇద్దరూ. బ్రెజిల్ గెలిచింది. వీళ్ళ మ్యాచ్ మాత్రం తేలలేదు. ఆ రోజు రెండో గోల్ కుడికాలిదని నాన్న, ఎడమకాలిదని మావయ్యగారు. గోడ అవతల దుప్పట్లో ఉన్న మనిషికి కాలు ఎలా తెలుస్తుందని నాన్న. మైకులో చెప్పాడని ఆయన. నాన్న నోట ఫుట్‌బాల్ కబుర్లు వినడం నాకు ఇదే మొదలు. అరుచుకున్నారు, పకోడీలన్నీ తినేశారు. నా పెళ్ళి గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

జూలై 3

పోస్ట్‌మ్యాన్ సైకిలు బెల్లు వినబడితే చాలు, అమ్మ గుమ్మంలోకి వెళ్తోంది. రైల్వేవాళ్ళ నుంచి ఏ ఉత్తరమూ రాలేదు. వస్తుందో రాదో తెలియదు.

జూలై 21, ఆదివారం

శుభలేఖలు వచ్చాయి. ఆడపెళ్ళివారు పులిదిండి, మగపెళ్ళివారు దొండపాటి. నాన్న ఒక కార్డు తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని వేలితో తడిమి చదువుతున్నాడు. తన పేరు అచ్చులో చూసుకోవడం ఆయనకి ఇదే మొదటిసారి కాబోలు. ఒక కార్డు తాతయ్య సమాధి దగ్గరికి తీసుకెళ్తాడట. శిలువ మీద ఇంటిపేరు కూడా రాయిస్తాడట.

నాకేమో నా తంటా. పుట్టినప్పట్నుంచీ దొండపాటి హెలెన్‌ని. ఇప్పుడు పులిదిండి హెలెన్‌ని. పెళ్ళయ్యాక మళ్ళీ దొండపాటి హెలెన్‌ని. నా సర్టిఫికెట్లలో ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు. పులిదిండి అన్న పేరు అలవాటయ్యేలోపే అయిపోతుంది. ఆ చిరాకులోనే అన్నాను.

"ఇంత చేసి మళ్ళీ ఆ పేరుకే వచ్చాను చూడు నాన్నా."

కార్డు మీంచి తలెత్తి నన్ను చూశాడు. "ఒకటే పేరు కాదమ్మా" అన్నాడు. "నేను అడక్కుండా తీసుకున్నాను. నువ్వు అడిగి తీసుకుంటున్నావు."

కోపం కోసం వెతుక్కున్నాను. దొరకలేదు.